ఆవిడా, మీరా

ఇటలీలో, పో నది ఒడ్డున ఉన్న గ్వస్తాల్లాలో పొద్దున్నే పేపరు కొనాలంటే ముందు ఇర్మా నోటిని దాటాలి. చౌకులో కమానుల వసారా కింద ఆవిడ బడ్డీ. కళ్లద్దాలు జుట్టు మీదికి తోసుకుని, మోచేతులు పేపర్ల కట్టల మీద ఆనించి, వచ్చినవాణ్ణి వచ్చినట్టే పలకరిస్తుంది. పలకరించడమంటే కుశలం అడగడం కాదు. నిన్న మీ అల్లుడు బారులో ఎవరితో కూర్చున్నాడో తెలుసా అని అడగడం. ఊళ్లో ఎవరు ఏ పేపరు చదువుతారో, పేపరు మడతలో పెట్టుకుని ఏ బొమ్మల పత్రిక తీసుకెళతారో ఆవిడకు తెలుసు. తెలిసినదంతా బయటపెట్టేది కాదు గానీ, పెట్టగలదన్న భయం మాత్రం అందరికీ ఉండేలా చూసుకునేది.

అంత నోరున్న మనిషికి ఒక విషయం మీద మాత్రం నోరు పెగలదు. అది మొగుడి చావు. లోరిస్ పడవ మోటార్లు బాగుచేసేవాడు. మనిషి అందగాడు, పాటగాడు. షెడ్డులో కన్నా పో నది మీదే ఎక్కువగా ఉండేవాడు. నదికి అవతలి ఒడ్డున ఒకావిడ ఉండేదని ఊరంతా అనేది, ఊరు అనడం ఇర్మాకూ తెలుసు. ఒక నవంబరు బుధవారం, సంత రోజు, బడ్డీ ముందు ఇద్దరికీ మాటామాటా పెరిగింది. క్యాబేజీల బుట్టలతో జనం ఆగి చూస్తుండగా ఆవిడ గొంతెత్తి, ఆ నదిలోనే ఉండిపో, ఇంక నీ ముఖం నాకు చూపించకు అంది. అతను ఆ మాట తుచ తప్పకుండా పాటించాడు. సాయంత్రం మంచులో ఖాళీ పడవ కొట్టుకొచ్చింది. శవం తర్వాతెప్పుడో దిగువ ఊరి దగ్గర దొరికింది. మోకాళ్లు దాటిన రబ్బరు బూట్లలో నీళ్లు నిండి మునిగిపోయాడని, ప్రమాదమని పోలీసులు రాసుకున్నారు.

ఊరు ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఇంటింటి నుంచీ కోడి పులుసు వచ్చింది, పిండి పొరల్లో గుమ్మడికాయ కూరి ఉడికించే తొర్తెల్లి వచ్చింది. వారం తిరక్కుండా బడ్డీ తెరిస్తే, అవసరం లేనివాళ్లు కూడా పేపరు కొన్నారు. పదేళ్లు దాటాయి. ఆవిడ బతుకుకి ఆధారం బడ్డీ కాదు, ఈ నమ్మకం. నోటికొచ్చినట్టు ఒక మాట అన్నాను, ఊరు దాన్ని మాటగానే తీసుకుంది, నన్ను కడుపులో పెట్టుకుంది. ఈ నమ్మకంతోనే రోజూ తెల్లవారుజామున లేచి తలుపు చెక్కలు తీసేది.

సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టాడు ఫౌస్తో. ఈ ఫౌస్తో ఎవరో కాదు. చిన్నప్పుడు బడ్డీ పక్క స్టూలు మీద కూర్చుని, కొనకుండానే బొమ్మల కథలన్నీ నమిలి మింగినవాడు. పెద్దయ్యాక మిలాన్ వెళ్లి తనే కథలు రాయడం మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా నెలనెలా వస్తున్న కౌబాయ్ పత్రిక మూతపడితే, దాని స్థానంలో ఒక కొత్త నేరపరిశోధన సీరీస్ వేశారు. పేరు 'నల్లరేవు'. రాసింది మన ఫౌస్తో. మొదటి కేసు మూడు నెలలు, మూడు సంచికలు. ఊరివాడు రాశాడని ఊరంతా గర్వపడింది. ఇర్మా అయితే దాన్ని ఎదురుగా, బట్టల క్లిప్పులతో వరసగా వేలాడదీసింది. వేలాడదీసిన తర్వాత తీరిగ్గా తెరిచి చూసింది.

కమానుల వసారా. పేపర్ల బడ్డీ. అద్దాలు జుట్టు మీదికి తోసుకున్న లావుపాటి ఆవిడ. పేరు మాత్రం ఆల్బా అని పెట్టాడు మహానుభావుడు. ఆల్బా మొగుడు నదిలో పోతాడు. అంతకుముందు సంతలో ఆల్బా గొంతెత్తి అరుస్తుంది, ఏమని అరుస్తుందో చెప్పక్కర్లేదు. అక్షరం మార్చలేదు.

ఆవిడకు ఒళ్లు మండింది. కానీ కాసేపటికి సర్దుకుంది. ఆ మాట పదిమందిలో అన్నదే కదా, రాసుకుంటే రాసుకున్నాడు అనుకుంది. గుండె జారింది ఇంకో పేజీ దగ్గర. ఆ పేజీలో మాటల్లేవు. మధ్యాహ్నం, మంచు, చౌకులో జనం ఉండగానే చెక్కలు మూసేసిన బడ్డీ, పైన గడియారం. నిజమే. ఆ రోజు ఇర్మా తొందరగా బడ్డీ కట్టేసింది. అన్న మాటకు సిగ్గుపడి ఇంటికెళ్లి, మొగుడికి ఇష్టమని పిండి పిసికి, గుమ్మడికాయ ఉడికించి, అతను వస్తాడని కూర్చుంది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మరి వీడికెలా తెలిసింది?

ఆ ఆదివారం ఫౌస్తో వచ్చాడు. మిలాన్ కోటు, మిలాన్ మఫ్లరు. మీ మీద ప్రేమతో రాశాను, మీ బడ్డీ లేకపోతే నేనెక్కడ అంటూ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు. ఆవిడ బడ్డీ మూసిన బొమ్మ చూపించి, ఇది నీకెవరు చెప్పారురా అని అడిగింది. అతను అమాయకంగా నవ్వాడు.

"ఇదా? ఇది ఊళ్లో అందరికీ తెలిసిందే కదా, సిన్యోరా ఇర్మా."

అందరికీ తెలిసిందే. అంటే ఆ మధ్యాహ్నం బడ్డీ మూసి ఉండటం ఊరంతా చూసింది, గుర్తుంచుకుంది. ఆ ముక్క చేప ముల్లులా గొంతులో అడ్డం పడింది. మింగలేక, కక్కలేక ఆ నెలంతా బేరాలు చేసుకుంది.

బేరాలకేం, బ్రహ్మాండంగా సాగాయి. బొమ్మల పత్రికలు చదివేవాళ్లు తమ మానాన చదువుకుని ఊరుకునే జాతి కాదు. కొన్న చోటికే తిరిగొచ్చి తిడితే గానీ వాళ్లకు తిన్నది అరగదు. మంగలి ఎర్మెస్ కౌబాయ్ కోసం ఇంకా మైలలో ఉన్నాడు. తొంభై పేజీల్లో అరవై పేజీలు పొగమంచే, మంచు గియ్యడానికి బొమ్మలవాడెందుకు, తెల్లకాగితం వదిలేస్తే పోలేదా అన్నాడు. అంటూనే రెండు కాపీలు కొన్నాడు, ఒకటి షాపులో గిరాకీల కోసమట. వృద్ధాశ్రమంలో నర్సు నాదియాకు మాటల్లేని పేజీలు ప్రాణం. కానీ ఈ కథలో ఆడవాళ్లకు ఏడవడం, మొగుణ్ణి తినెయ్యడం తప్ప మూడో పని లేదేమని ఆ పిల్ల గొణిగేది. నచ్చిందని ఒకరు, నచ్చలేదని ఒకరు కాదు. ప్రతివాడికీ సగం నచ్చింది, సగం మండింది, ఆ మండినదాని కోసమే మళ్లీ నెల ఎప్పుడొస్తుందా అని చూశారు.

పెద్ద తగువు మాత్రం రంగు మీద. ఆ దేశంలో హంతకుణ్ణి పట్టుకునే కథను 'పసుపు' అంటారు. మనకు పసుపంటే శుభం, వాళ్లకు శవం. అందరూ ఎంతోకొంత పాపాత్ములే అయి, దోషి దొరికినా ఎవరికీ మనశ్శాంతి దక్కని కథను 'నలుపు' అంటారు. 'నల్లరేవు' పసుపా, నలుపా? పసుపైతే ఎవరూ అనుకోనివాడు హంతకుడు కావాలి. నలుపైతే మొదటి నుంచీ అందరూ అనుకున్న మనిషే కావాలి, అదీ కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టు కావాలి. నలుపే అని ఊరు తీర్మానించింది. అంటే ఆల్బాయే.

ఒక్కరూ ఇది నీ కథ కదా అని ఇర్మాతో అనలేదు. ఆ మర్యాద చూస్తే ముచ్చటేస్తుంది. అనకపోవడమే కాదు, ఆవిడ ఎదురుగా నిలబడి, ఆవిడ చేతి నుంచి చిల్లర తీసుకుంటూ, ఆల్బా నేరం గురించి ఏ జంకూ లేకుండా మాట్లాడుకునేవాళ్లు.

ఇక్కడ ఆ భాష గురించి ఒక మాట చెప్పాలి. వాళ్ల భాషలో 'లెయ్' అని ఒక పదం ఉంది. మన చెవికి నిద్ర లేపుతున్నట్టుంటుంది గానీ, దానర్థం 'ఆవిడ'. ఎదుటి మనిషిని గౌరవంగా 'మీరు' అనాలన్నా అదే పదం. ఆవిడ అన్నా లెయ్, మీరు అన్నా లెయ్. ఏది ఏదో మనిషి చూపును బట్టి, సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. పుట్టినప్పటి నుంచీ మాట్లాడే భాష, ఇర్మాకు ఏనాడూ తికమక లేదు. ఇప్పుడొచ్చింది. నాదియా చిల్లర లెక్కచూసుకుంటూ, చంపింది లెయ్ అంటే ఇర్మా చేస్తున్న పని ఆపేసేది. తలెత్తి చూస్తే ఆ పిల్ల కళ్లు చిల్లర మీదే ఉండేవి.

రెండో సంచికలో ఆల్బా కోటుకు నది బురద అంటింది. ఇంక ఊరుకి అనుమానం లేదు. ఎర్మెస్ పందెం పెట్టాడు. ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు నూనెలో వేయించిన న్యోక్కో రొట్టెలు, పంది మాంసం, తాగినంత లాంబ్రుస్కో వైను పెట్టాలి. అందరూ ఆల్బా మీదే కాశారు. అందరూ ఒకవైపే ఉంటే విందు పెట్టేదెవరని ఇర్మాను లాగారు.

"నువ్వు కాయవే ఇర్మా. ఎవరి మీద?" అన్నాడు ఎర్మెస్.

"ఎవరో ఒకరి మీద. ఆవిడ మాత్రం కాదు" అంది ఇర్మా.

"ఎందుక్కాదు?"

"అంత లావు మనిషి ఆ బురదలో మొగుడి వెంట పరిగెత్తుతుందా? ఆయాసంతో ముందు తనే చచ్చుండేది."

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వించడం చేతనైన మనిషికి అదొక శాపం, ఏడుపు కూడా అదే దారిన రావాలి.

పందెం కాయని మనిషి ఒక్కడే, సిన్యోర్ సోలియాని. మందుల షాపు నడిపి, వయసైపోయాక అమ్మేసుకున్న బ్రహ్మచారి. ఎండైనా మంచైనా మెడకు టై కట్టుకునే మనిషి. లోరిస్ పోయిన ఏడాది నుంచీ రోజూ చీకటిపడే వేళకు వచ్చి, ఏమీ అడక్కుండా, బడ్డీ చెక్కలు ఎత్తి పెట్టేవాడు. చలికాలంలో కాగితాలకు ఇర్మా వేళ్లు పగిలితే, తనే కలిపిన లేపనం తెచ్చి ఇచ్చేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా 'నువ్వు' అనలేదు. ఎంతసేపూ ఆ గౌరవమే, ఆ లెయ్యే. ఊరంతా ఆవిణ్ణి నువ్వంటుంటే ఈయన మీరు అనడం మొదట్లో బాగుండేది. తర్వాత్తర్వాత, ఎప్పటికైనా ఈ మనిషి నోట నువ్వనే మాట వస్తుందా అని ఆవిడ ఎదురుచూడటం మొదలుపెట్టింది. ఆ వయసులో ప్రేమ అంటే ఇంతే, ఒక పదం మారడం. పైకి ఒప్పుకునేది కాదు గానీ, ఆయన వచ్చే వేళకు అద్దాలు దించి జుట్టు సరిచేసుకునేది. ఈమధ్యే ఆయన, ఆదివారం భోజనానికి మా ఇంటికి రాకూడదా అని నేల చూపులు చూస్తూ అడిగాడు. ఈ పత్రిక గొడవ తీరాక వస్తానంది.

'నల్లరేవు' మీద కూడా సోలియానిది నింపాది ధోరణి. బొమ్మ గొప్పది, కథకే ఎముకల్లేవు, చివరిదాకా చూద్దాం అనేవాడు. ఊరంతా శిక్ష వేసేశాక కూడా, చివరిదాకా చూద్దాం అనే మనిషి ఒకడున్నాడు. ఇర్మా ఆ మాటను పట్టుకుని వేలాడింది. ఎవరేమన్నా ఈయన అనుకోడు, అంతే చాలు అనుకుంది.

మూడో సంచిక వచ్చిన తెల్లవారుజామున వ్యాను వాడు కట్టలు విసిరేసి పోయాడు. ఇర్మా తాడు కోసి, కట్ట మీదే కూలబడి, టార్చి లైటుతో చివరి పేజీలు తిరగేసింది. ఆల్బా కాదు. నది కాపలా వాడు. దొంగ ఇసుక తవ్వకం, లంచాలు, ఆల్బా మొగుడు చూడటం, వాడు తోసెయ్యడం. ఆల్బా ఆ సాయంత్రం ఇంట్లోనే ఉంది, పొయ్యి దగ్గర. ఆఖరి బొమ్మలో రెండు పళ్లేలు పెట్టిన బల్ల ముందు ఒక్కతే కూర్చుని ఉంది.

ఇర్మా ఏడ్చింది. ఎవరూ చూడని చోట, ఎక్కిళ్లు వచ్చేలా, హాయిగా ఏడ్చింది. ఎవరికీ చెప్పుకోలేక పదేళ్లు మోసినదాన్ని ఆ కుర్రవెధవ ఎలా ఊహించాడో గానీ, అచ్చుగుద్ది దేశం మీద వదిలాడు. ఇంక ప్రతి ఇంటికీ వెళుతుంది. ప్రతివాడూ చదువుతాడు. ఫౌస్తోను తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంది. సంచికలన్నీ ముందు వరసలో వేలాడదీసి, వచ్చినవాళ్లకు ఇద్దామని పెద్ద ఫ్లాస్కు నిండా కాఫీ కాచింది. అంత సంతోషంగా ఆవిణ్ణి ఎవరూ చూసి ఉండరు. చూడగలిగినవాళ్లు కూడా పత్రిక మీద పడ్డారు గానీ ఆవిడ వంక చూడలేదు.

పొద్దున్నే కొనుక్కెళ్లినవాళ్లు పది గంటలకల్లా తిరిగొచ్చారు. ఎర్మెస్ ముఖం మాడ్చుకుని, షాపు వదిలేసి, సబ్బు నురుగు చేత్తోనే వచ్చాడు.

"మోసం" అన్నాడు. "రెండు నెలలు ఆవిడ చుట్టూ తిప్పి తిప్పి, ఆఖర్న ఎవడో కాపలా వాడంటాడా? వెన్నెముక లేని రాత. వాడికి చంపించే ధైర్యం లేకపోయింది."

నాదియాకు కోపం కన్నా దిగులు ఎక్కువైంది. ఆ పిల్ల రెండో సంచిక తెరిచి ఆల్బా చెయ్యి బొమ్మ చూపించింది. ఇది చంపిన చెయ్యే సిన్యోరా, బొమ్మలవాడికి నిజం తెలుసు, రాసినవాడికే తెలియదు అంది. ఇంకొకావిడ పత్రిక వాపసు తీసుకుంటారా అని అడిగింది. ఆల్బా ఆ రెండు పళ్లేల ముందు కూర్చోవడం చూస్తే తనకు నవ్వొచ్చిందంది, ఎవరు నమ్ముతారు అది అంది. అందరూ ఒకే గొంతు: బొమ్మలు బాగున్నాయి, మంచు బాగుంది, ముగింపే చెడగొట్టాడు. ఆవిడే అయ్యుండాల్సింది.

ఇర్మా కాఫీ పోస్తూనే ఉంది. పోస్తూ వాళ్ల ముఖాలు చూసింది. తనకు పులుసు తెచ్చిన ఎర్మెస్ భార్య ఉంది అందులో. తన చేతులు పట్టుకుని ఏడ్చిన నాదియా తల్లి ఉంది. ఇన్నేళ్లూ వీళ్లు ఏమీ అనుకోవడం లేదు కాబట్టి అనలేదనుకుంది. ఏనాడో అనుకోవడం పూర్తయింది కాబట్టి అనలేదు. అచ్చులో నిర్దోషి అని పడితే, బాకీ ఎగ్గొట్టినట్టు వీళ్లకు అంత ఉక్రోషం ఎందుకు మరి? ఆ పులుసులు, ఆ పేపరు బేరాలు ప్రేమే, కాదనడానికి లేదు. మొగుణ్ణి చంపుకున్న ఆడదాని మీద ఊరు చూపించిన ప్రేమ అది.

పందెం గెలిచావు, విందు ఎప్పుడు పెట్టమంటావని ఎర్మెస్ అడిగితే, నాకు అరగదులే అంది.

అందరూ వెళ్లిపోయారు. సోలియాని చౌకులో బెంచీ మీద కూర్చుని చదువుతున్నాడు. ప్రతి పేజీ దగ్గరా ఆగుతున్నాడు. ఆవిడ ఆ పేజీలు తిప్పే చెయ్యినే చూస్తూ నిలబడింది. మిగతా ఊరంతా పోతే పోనీ. ఆ ఒక్క మనిషీ లేచి వచ్చి, చక్కగా ముగించాడు అంటే చాలు. ఆదివారం భోజనానికి వెళ్లొచ్చు, రేపు మళ్లీ చెక్కలు తియ్యొచ్చు.

ఆయన వచ్చాడు. పత్రికను పేపరు మడతలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. ఎలా ఉందని ఆవిడ అడిగింది.

"బొమ్మ గొప్పగా ఉంది" అన్నాడాయన. "కథగా చూస్తే మాత్రం... లెయ్ అయ్యుండాల్సింది."

చిల్లర మీదో, పత్రిక మీదో కాదు, ఆయన కళ్లు ఆవిడ మీదే ఉన్నాయి.

"ఏ లెయ్, సిన్యోర్ సోలియాని?" అంది ఇర్మా. "ఆవిడా, మీరా?"

కథలో ఆవిడే కదా అని నవ్వేస్తే సరిపోయేది. అంత చిన్న అబద్ధం చాలు. కానీ ఆయన అబద్ధాల మనిషి కాదు. మందు కొలిచి ఇచ్చినట్టే మాట కూడా కొలిచి ఇస్తాడు. టై సర్దుకున్నాడు. కట్టల మీదున్న ఆవిడ చేతి మీద తన చెయ్యి వేశాడు, ఇన్నేళ్లలో మొదటిసారి.

"ఇర్మా" అన్నాడు. "నేనెప్పుడూ నిన్ను తప్పుపట్టలేదు. ఒక్క రోజు కూడా. లోరిస్ నిన్ను ఎంత ఏడిపించాడో నాకు తెలుసు. నువ్వు ఏం చేసినా, నాకు నువ్వే."

నువ్వు. అన్నేళ్లు ఎదురుచూసిన మాట వచ్చింది. వచ్చిన తీరు చూడండి.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని తోచలేదు. ఒక వాక్యం ఉంది, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది, ఎవరూ అడగనందువల్ల చెప్పే అవసరం లేదనుకున్నది. అది ఇప్పుడు చెప్పింది.

"నేను చంపలేదు."

సోలియాని తల ఊపాడు. జ్వరం పిల్ల మందు వద్దంటే పెద్దవాళ్లు ఊపినట్టు, ఎంతో ప్రేమగా ఊపాడు.

"సరే ఇర్మా" అన్నాడు. "చంపలేదు. ఆదివారం వస్తావు కదా?"